మైలపడ్డ మందు

"అది యాడికి పోయింది?"

మహానంది పెరట్లో తలకు పోసుకుని వస్తున్నాడు. తడి తువ్వాలును గబగబా భుజాల మీదికి లాక్కున్నాడు. ఆలోపే భార్య స్వర్ణలత చూసేసింది. ఎడమ జబ్బ మీద నలుచదరంగా ఎర్రటి మరక ఒకటి ఉంది. దాని మీద ఉండాల్సిన పట్టీ లేదు.

"నిన్నే అడుగుతాండా. జబ్బ మీద పట్టీ యాడ?"

"గూట్లో ఉండాది, చూస్కో."

అది అన్న సుబ్బయ్య ఇల్లు. నట్టింటి గోడలో చిన్న గూడు. అందులో ఇత్తడి పళ్ళెం. ఆయన ప్రాణం పోయిన పూట మహానంది మెడలోంచి తీసిన అయ్యప్ప మాల ఆ పళ్ళెంలో ఉంది. మాల పక్కన, మడిచిన నల్లపంచె మీద, చర్మం రంగు పట్టీ ఒకటి అంచులు ముడుచుకుపోయి దుమ్ముపట్టి పడి ఉంది.

స్వర్ణలత దాన్ని వేలితో తిరగేసింది. ఆ పూట తను ఆడవాళ్ళతో కలిసి శవం దగ్గర కూర్చుని ఏడుస్తూ ఉంది. మాల తీయడం చూసింది కానీ, దాంతోపాటు ఇది కూడా తీస్తాడని అనుకోలేదు.

"స్వామీ..." అనబోయి నాలుక కరుచుకుంది. మాల లేని మనిషిని స్వామీ అని పిలవకూడదు. ఇన్నాళ్ళుగా ఆ పిలుపుకు అలవాటు పడిన నోటికి మామూలు పిలుపు రావడం కష్టంగానే ఉంది.

"ఏమయ్యా, అప్పట్నుంచి ఏం లేకుండానే ఉండావా?"

"ఉండా."

"కొత్తది పెట్టుకుంటే ఏమి? సంచిలో నేను తెచ్చిపెట్టినా కదా."

"మైలలో ఎట్లా పెట్టుకుంటా? అది గూడా మాలే అని గురుస్వామి చెప్పలేదా? ఆ మాట ఆయనతో చెప్పించింది నువ్వే కదా."

నిజమే. చెప్పించింది తనే.

వానాకాలంలో మహానందికి గుండెపోటు వచ్చింది. "ఇంకోసారి వస్తే నా దాకా తేగలరో లేదో చెప్పలేను. సిగరెట్టు ఆపించండి" అన్నాడు కడపలో డాక్టరు. ఈ పట్టీలు రాసిచ్చింది కూడా ఆయనే. పొగాకులో ఉండే నికోటిన్ అనే మత్తునే కొంచెం కొంచెంగా చర్మంలోంచి ఒంటికి అందిస్తుందట, యావ చచ్చేదాకా. రోజుకొకటి అంటించుకోవాలి. పోనుపోను చిన్న పట్టీలకు దిగాలి. కడప మందుల అంగళ్ళలో దొరక్కపోతే స్వర్ణలత తమ్ముడు బెంగుళూరు నుంచి పంపించాడు. మహానంది వాటిని రెండు పూటలు పెట్టుకుని, దురద అని పీకేశాడు. ముగ్గురాయి లారీల లోడింగు చూసే వంకతో మంగంపేట గనులకు పోయి సిగరెట్టు కంపుతో తిరిగి వచ్చాడు.

అదే మనిషి ఏటా అయ్యప్ప మాల వేసుకుంటే మండలం నలభై ఒక్క రోజులూ సిగరెట్టు ముట్టడు. కొండకు పోయి వచ్చి మాల తీసిన పూటే మళ్ళీ అంటిస్తాడు. ఒక ఏడాది స్వర్ణలత హారతి పళ్ళెంతో వాకిట్లో నిలబడి ఉంటే, ఆమె ముందునుంచే నడిచిపోయి, వీధి చివరి అంగడి దగ్గర కాల్చుకుని, ఆ తర్వాత ఇంట్లోకి వచ్చాడు. హారతి కర్పూరం అప్పటికి ఆరిపోయింది. స్వామి కోసం మానగలిగిన మనిషి తన కోసం ఎందుకు మానడని ఆమె ఏళ్ళ తరబడి కుమిలింది. ఈ ఏడు కుమలడం మానుకుని ఒక ఉపాయం చేసింది.

మాల వేసే రోజు పట్టీని కూడా గుడికి తీసుకుపోయింది. గురుస్వామి మునిరత్నానికి సంగతంతా చెప్పుకుని, "మాలతోపాటు ఇది గూడా మీ చేత్తోనే పెట్టండి స్వామీ. మీరు పెట్టింది ఆయన తియ్యడు" అని అడిగింది. మునిరత్నం కడపలో స్టీలు సామాన్ల వ్యాపారి. నవ్వడం తెలిసిన మనిషి. "ఏం మాతా, నీకు స్వామి మీద నమ్మకం లేదా, డాక్టరు మీద లేదా?" అన్నాడు. అని, శరణం చెప్పి, జబ్బ మీద పట్టీని అరచేత్తో ఒత్తిపట్టి, "ఇది గూడా మాలే అనుకో స్వామీ" అన్నాడు.

ఆ మాట పనిచేసింది. తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకుని, పాత పట్టీ తీసి కొత్తది అంటించుకునే ముందు మహానంది కళ్ళు మూసుకుని శరణం చెప్పుకునేవాడు. తలుపు చాటు నుంచి అది చూసి స్వర్ణలత గుండెల నిండా ఊపిరి పీల్చుకునేది.

ఇప్పుడు ఆ మాటే ఎదురు తిరిగింది. చావు మైలలో మెడన మాల ఉండకూడదు. మాల పోతే పట్టీ కూడా పోవాల్సిందే.

మహానంది తువ్వాలు పిండుతున్నాడు. పిండే చేతులు సన్నగా వణుకుతున్నాయి. అతను ఆ సంగతి ఆమెకు కనపడకుండా పక్కకు తిరిగాడు.

"యావ కాలేదా?" అని మెల్లగా అడిగింది.

"అన్న మీద మన్ను పోసొచ్చినోన్ని. నన్ను అడిగే మాటేనా అది?"

* * *

ఆ ఊళ్ళో మిద్దె ఎక్కితేగానీ ఫోనుకు సిగ్నల్ అందదు. స్వర్ణలత చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నిచ్చెన ఎక్కింది. వేంపల్లె వైపు కొండలు ఇంకా మంచులోనే ఉన్నాయి.

"చెప్పు మాతా," అన్నాడు మునిరత్నం. "మహానంది ఎట్లుండాడు?"

ఆమె చెప్పింది. అవతల అంగట్లో గిన్నెలు దించుతున్న చప్పుడు వినపడింది.

"మందుకు మైలేంది మాతా? షుగరుండేటోళ్ళు చావింట్లో సూది ఏసుకోకుండా ఉంటారా?"

"ఆ మాట మీరే ఆయనకు చెప్పండి స్వామీ. మాలే అని మీరన్నారు కాబట్టి, కాదని గూడా మీరే అనాల."

"నువ్వడిగినావని అంటి. అప్పుడు మాలే అని, ఇప్పుడు కాదని... నా నోటికి ఏమన్నా ఇలువుంటాదా?" అని, మళ్ళీ తనే, "సరేలే. నా ఇలువ కంటే మనిషి ముఖ్యం. ఆయనకియ్యి" అన్నాడు.

మిద్దె మీదికి రమ్మంటే మహానంది వచ్చాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని కొండల వైపు చూస్తూ విన్నాడు. "ఊ" అన్నాడు. "సరే స్వామీ" అన్నాడు. "స్వామి శరణం" అని ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

"చెప్పినాడు కదా?"

"చెప్పినాడు."

"మైల లేదన్నాడు కదా?"

"అన్నాడు."

"అయితే ఉండు. కొత్తది తెస్తా."

"వద్దు."

స్వర్ణలత అతని ముఖంలోకి చూసింది. "మైల లేదని గురుస్వామి చెప్పినాక గూడా వద్దా?"

"గమ్మునుండు స్వర్ణా."

అతను నిచ్చెన దిగిపోయాడు. ఆమె మిద్దె మీదే నిలబడిపోయింది. అతనికి అడ్డం వచ్చింది మైల కాదు. మరి ఏమిటో ఆమెకు అంతుపట్టలేదు. అయినా కిందికి దిగి సంచిలోంచి ఒక కొత్త పట్టీ తీసి, కవరు చింపకుండానే కొంగు చివర ముడి వేసుకుంది.

* * *

ఆ రోజు సమాధి మీద పాలు పోసే దినం. సుబ్బయ్యకు ఇష్టమైనవన్నీ వండి చీనీ తోటలో సమాధి దగ్గర పెట్టాలి. దాయాదుల ఇళ్ళ ఆడవాళ్ళు వసారాలో పొయ్యిలు పెట్టి వండుతున్నారు. సుబ్బయ్య భార్య నాగలక్ష్మమ్మ స్తంభానికి ఆనుకుని మూలన కూర్చుని ఉంది. భర్త పోయిన పూట నుంచి ఆమె కంట నీరు రాలేదు. ఊరంతా అదే చెప్పుకుంటోంది.

"మే స్వర్ణా, వడలు అలసందలతోనే చేసినారా?"

"అవునక్కా."

"కోడి కూరలో కారం తగ్గించొద్దండి. ఇంతకుముందు దగ్గొస్తాదని తగ్గిస్తాంటిమి. ఇంగ యాడి దగ్గు."

"తగ్గించలేదులేక్కా."

"సంగటి?"

"కెలుకుతాండారు."

నాగలక్ష్మమ్మ అదే గొంతుతో, సంగటి గురించి అడిగినట్లే అడిగింది.

"బీడీలు యాడ పెట్టినావు?"

సంగటి కెలికే తెడ్డు ఆగిపోయింది. ఆడవాళ్ళంతా పొయ్యిల వైపు తలలు వంచుకున్నారు.

"ఎతికి ఎతికి సాలయిపోతి మే. నా ఇల్లు ఇది. నా మొగుని బీడీలు. దూలం మీది దంతె కింద పెట్టింటి. నువ్వొచ్చి పోయినాక కట్ట కట్టే మాయమాయె."

"బావకు ఊపిరితిత్తులు పూర్తిగా పోయినాయని డాక్టరు..."

"డాక్టరు ఇంగొక మాట గూడా చెప్పినాడు కదా. ఇంటికి పిల్సుకోని పోండి, అడిగింది పెట్టండి అన్నాడు. అది నీకు ఇనపడలేదా?"

స్వర్ణలత పొయ్యిలోకి కట్టె ఎగదోసింది.

"పండు అడగలా, పాలు అడగలా. ఒక్క బీడీ అడిగె. పోయేటోనికి ఒక్క బీడీ ఇస్తే ఇంగ కొత్తగా ఏం పోతాది మే? మొగుడూ పెండ్లాం ఇద్దరూ కలిసి లేదంటిరి. సదువుకున్నదానివి, నీకు తెల్సుంటాదిలే అని నేనూ నోరు మూసుకుంటి. ఇప్పుడు ఆ లేదన్న మాటే నా చెవుల్లో తిరుగుతాండాది."

"అక్కా..."

"నిజం చెప్పు. మా ఆయన బాగు కోసరమేనా దాచింది?"

ఆ ప్రశ్నకు స్వర్ణలత దగ్గర జవాబు ఉంది. చెప్పగలిగిన జవాబు కాదది. సుబ్బయ్య ఇక బతకడని ఆమెకు తెలుసు. బీడీ కట్టను దాచింది ఆయన కోసం కాదు. తన మొగుడు రోజూ ఆ మంచం పక్కనే కూర్చుంటున్నాడు. అక్కడ బీడీ వెలిగితే ఆ వాసన అతని ముక్కుకు తగులుతుంది. ఎంతో కష్టం మీద కట్టిన గట్టు తెగుతుంది. అదీ భయం. తన మొగుణ్ణి కాపాడుకోవడానికి ఇంకొకామె మొగుడి చివరి కోరికను దాచిపెట్టింది.

లేచి లోపలికి పోయింది. రాగుల డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి బీడీ కట్ట బయటికి తీసింది. అంటుకున్న రాగుల్ని కొంగుతో తుడిచి నాగలక్ష్మమ్మ ఒడిలో పెట్టింది.

నాగలక్ష్మమ్మ కట్టను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఈ కంపును తిట్టని దినం లేదు," అంది. "పక్కలో పండుకోనియ్యలా. గోడ తట్టు తిరుక్కోని పండుకో అంటాంటి."

అంతకుమించి ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేదని స్వర్ణలతకు అనిపించింది.

* * *

తోటకు పోయే దారిలో మహానంది పాల చెంబుతో ముందు నడుస్తున్నాడు. వెనుక గంపతో స్వర్ణలత. మిగతావాళ్ళు ఇంకా వెనుకగా వస్తున్నారు. శనగచేను దాటాక మహానంది వెనక్కి తిరగకుండానే మాట్లాడాడు.

"వదిన నిన్నేమన్నా అనెనా?"

"అనింది. అనాల్సిందే."

"అన్న అడిగింది నిన్ను కాదు స్వర్ణా. నన్ను."

ఆమె అడుగు నెమ్మదించింది.

"మంచం పక్కన కూర్చోనుంటి. ఒరే మహానందీ, ఒక్క దమ్ము ఇప్పించురా అని చెయ్యి చాపె. నన్ను పట్టుకోవాలని చాపితే ఆ చెయ్యి ఈ జబ్బ మీద పడె. సరీగ్గా పట్టీ మీద. ఇదేందిరా అనె. మందులే అన్నా, అంటి."

పాలు చెంబు అంచు దాకా ఊగి నిలిచాయి.

"సిగరెట్లో ఉండేదే నాకు తోలులోంచి ఎక్కుతాండె. పగలూ రాత్రీ. దాన్ని చొక్కా కింద పెట్టుకోని, వానికి ఒక్క దమ్ము లేదంటి. అప్పుడు నా మొగం చూసి నవ్వె వాడు. నేను అబద్ధం చెప్తాంటే వానికి చిన్నప్పట్నుంచీ తెల్సిపోతాది. మల్లా దాన్ని ఈ జబ్బకు ఎట్లా అంటించుకునేది చెప్పు?"

"దాచింది నేను కదా."

"నువ్వు దాచినావు. లేదన్నది నేను. రెండూ ఒకటి కాదు."

కొంగు ముడిలో ఉన్న పట్టీ కవరు ఆమె నడుముకు తగులుతూనే ఉంది. తీయడానికి చెయ్యి రాలేదు. ఇన్నేళ్ళలో సిగరెట్టు గురించి వాళ్ళిద్దరూ ఎన్నో పోట్లాటలు పడ్డారు. అతను ఇలా నిజం మాట్లాడటం ఇదే మొదలు. ఆ నిజానికి ఎదురు చెప్పడానికి ఆమె దగ్గర డాక్టరు మాట తప్ప ఇంకేమీ లేదు. ఆ మాట ఇప్పుడు చాలదు.

* * *

చీనీ చెట్ల సాలు చివర, కొత్త మట్టి కుప్ప. మహానంది పై పంచె నడుముకు చుట్టుకుని సమాధి చుట్టూ తిరుగుతూ పాలు పోశాడు. ఎండలో అతని జబ్బ మీది ఎర్ర మరక అందరికీ కనపడుతోంది. విస్తరాకులో సంగటి, కోడి కూర, వడలు, బెల్లం నీళ్ళు పెట్టారు. పెట్టి అందరూ దూరంగా చెట్ల కిందికి జరిగారు.

కాకి రాలేదు.

తోట గట్టు మీద తుమ్మచెట్టుకు రెండు కాకులు ఉన్నాయి. ఒకటి ఎగిరి వచ్చి, సమాధి మీద ఒక చుట్టు తిరిగి, మళ్ళీ వెళ్ళి కొమ్మ మీదే కూర్చుంది. ఎండ నెత్తి మీదికి ఎక్కుతోంది.

"వానికి బువ్వ కంటే ముందు అదుండాల కదప్పా," అన్నాడు కంబన్న. దాయాదుల్లో అందరికంటే పెద్దవాడు, కర్ర ఊతంతో నడిచే ముసలాయన. "బీడీ తెచ్చినారా లేదా?"

నాగలక్ష్మమ్మ ఒడిలోంచి కట్ట తీసి ఇచ్చింది.

"పదిమందిలో పొగ తాగితే జరిమానా అని గవర్మెంటోళ్ళు కొత్తగా రూలు పెట్టినారంట," అన్నాడు కంబన్న బీడీ ఒకటి ఊడబెరుకుతూ. "మా సుబ్బయ్య తప్పించుకున్నాడు. ఇంగ ఏ పోలీసోనికీ దొరకడు."

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు.

కంబన్న కట్టను కింద పెట్టి, బీడీ కొనను ఊదుబత్తికి తాకించి సమాధి తలవైపు పెట్టాడు. ఒక పొగ పోగు లేచి ఆరిపోయింది. మళ్ళీ తాకించాడు. మళ్ళీ ఆరిపోయింది.

"నోట్లో పెట్టి గుంజకపోతే బీడీ రగలదు. రాప్పా మహానందీ. మన్ను పోసిన చేత్తోనే పోవాల వానికి."

"గుండె జబ్బు మనిషి, మామా," అంది స్వర్ణలత వెనుకనుంచి. "ఇంగెవురన్నా అంటిస్తే కాదా?"

"ఒక్క గుక్కకు ఏం కాదులేమ్మా."

"కాకి రాలా," అంది నాగలక్ష్మమ్మ. ఎవరి వైపూ చూడలేదు. "ఆయన ఆకలితోనే ఉండాడు."

మహానంది ముందుకు వచ్చాడు. కంబన్న చేతిలోంచి బీడీ, అగ్గిపెట్టె తీసుకున్నాడు. అన్నకు ఎదురుగా గొంతుకూర్చుని బీడీని పెదాల మధ్య పెట్టుకున్నాడు. మొదటి పుల్ల విరిగిపోయింది. రెండో పుల్ల తీశాడు.

స్వర్ణలత అతని ముఖాన్ని పక్కనుంచి చూసింది. ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. పాల కోసం వెతుక్కునే బిడ్డలా పెదాలు బీడీ చుట్టూ బిగుసుకున్నాయి. కళ్ళు సగం మూతపడ్డాయి. అందులో అన్న మీద దుఃఖం ఉంది. కానీ దాని కింద ఇంకోటి ఉంది. ఏటా మాల తీసిన పూట, వీధి చివరి అంగడి వైపు నడిచేటప్పుడు ఉండే చూపు అది. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు.

ఒక్క గుక్క ఉండదు. ఆ మనిషి ఎప్పుడూ ఒక్క గుక్కతో ఆగింది లేదు.

ఆడవాళ్ళ వరుసలోంచి నడిచి వచ్చింది. చెప్పులు లేని కాళ్ళ కింద మట్టిపెళ్ళలు నలిగాయి. అతని ముందు వంగింది.

"ఇట్లియ్యి."

మహానంది తల ఎత్తి చూశాడు. ఏమి అడుగుతోందో అర్థం కాలేదు. ఆమె అతని పెదాల మధ్య నుంచి బీడీని, చేతిలోంచి అగ్గిపెట్టెను తీసుకుంది.

"దాచింది నేను. అంటించేదీ నేనే."

"ఏందిమ్మా అది," అన్నాడు కంబన్న. "ఆడమనిషివి. ఇంతమంది ముందర..."

ఆమె బీడీని నోట్లో పెట్టుకుంది. అతని పెదాల తడి ఇంకా ఆకు మీదే ఉంది. పుల్ల గీసి, చేతులు అడ్డం పెట్టి గుంజింది. ఏమీ కాలేదు. ఇంకా బలంగా గుంజింది. గొంతులో నిప్పు పోసినట్లయింది. కడుపులోంచి దగ్గు తన్నుకొచ్చింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నోరు మూసుకుని, వదలకుండా మూడోసారి గుంజింది. బీడీ కొన ఎర్రగా రగిలింది.

మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని సమాధి తలవైపు, మట్టిపెళ్ళ మీద ఆనించి పెట్టింది.

"బావా," అంది. ఇంకేదో చెప్పాలనుకుంది. దగ్గు అడ్డం వచ్చింది.

కంబన్న కర్ర మీద రెండు చేతులూ పెట్టి నేల చూస్తున్నాడు. ఆడవాళ్ళలో ఒకరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఈ కబురు పొద్దు గుంకేలోపు వేంపల్లె దాకా పోతుందని స్వర్ణలతకు తెలుసు.

అప్పుడు నాగలక్ష్మమ్మ గొంతు వినపడింది.

"ఈ పక్కకు పెట్టు మే. గాలి అట్లుండాది. ఆరిపోతాది."

స్వర్ణలత బీడీని రెండో పక్కకు మార్చి పెట్టింది. పొగ సన్నగా, నిటారుగా లేచింది.

అందరూ మళ్ళీ చెట్ల కిందికి జరిగారు. పొగ సగం పైన విరిగి తోట మీదికి పోయింది. కాసేపటికి తుమ్మచెట్టు మీది కాకి ఒకటి దిగి వచ్చింది. విస్తరి చుట్టూ పక్కపక్కకు గెంతింది. సంగటి ముద్దను వదిలి కోడి కూర మీద ముక్కు పెట్టింది.

"తినె," అన్నాడు కంబన్న. "తినెనప్పా."

నాగలక్ష్మమ్మ నేల మీద కూలబడింది. పక్కనే నిలబడి ఉన్న స్వర్ణలత చెయ్యి దొరకబుచ్చుకుని, అందులో ముఖం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. మొగుడు పోయాక అదే మొదటి ఏడుపు. ఆడవాళ్ళంతా ఆమె చుట్టూ చేరారు. స్వర్ణలత ఆమె పక్కన కూర్చుని చాలాసేపు ఉండిపోయింది. తన కళ్ళు పొగకు మండుతున్నాయో, ఏడుస్తున్నాయో తనకే తెలియలేదు.

తల ఎత్తి చూస్తే మహానంది కనపడలేదు.

సమాధి వైపు చూసింది. కాకి ఉంది. విస్తరి ఉంది. సగం కాలిన బీడీ ఉంది. కంబన్న కింద పెట్టిన బీడీ కట్ట లేదు.

"అక్కా, ఇప్పుడే వస్తా," అని నాగలక్ష్మమ్మ చేతుల్లోంచి చెయ్యి విడిపించుకుంది.

తోట మధ్యలో బోరు మోటారు కొట్టం. రేకు తలుపు దగ్గరికి వేసి ఉంది. స్వర్ణలత దాని ముందు ఆగి వాసన చూసింది. పొగ వాసన తన చేతులదో, లోపలిదో తేలలేదు. తలుపు నెట్టింది.

మహానంది బోర్లించిన గంప మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మీద కట్ట. వేళ్ళ మధ్య ఒక బీడీ. అంటించలేదు. దాన్ని అటూ ఇటూ దొర్లిస్తున్నాడు. కొనలోంచి పొగాకు పొడి పంచె మీద రాలింది. ఆమె వైపు తల తిప్పలేదు.

"స్వర్ణా."

"ఊ."

"అగ్గిపెట్టె నీ దగ్గరుండాదా?"

అప్పుడుగానీ ఆమెకు తెలియలేదు. సమాధి దగ్గర తీసుకున్న అగ్గిపెట్టె ఇంకా ఎడమ పిడికిట్లోనే ఉంది. కుడిచెయ్యి తనకు తెలియకుండానే కొంగు ముడి మీదికి పోయింది. కవరు గరగరలాడింది.

అవతల చెట్ల కింద నాగలక్ష్మమ్మ ఏడుపు ఇంకా వినపడుతోంది. నోట్లో బీడీ చేదు ఇంకా ఉంది.

లేదని చెప్పొచ్చు. ఆ మాట ఈ ఇంట్లో ఒకసారి సుబ్బయ్యకు చెప్పి చూశారు.

"ఉండాది," అని స్వర్ణలత లోపలికి వచ్చి, వెనుక తలుపు మూసింది.